పట్టా మీది పేరు, కంచం దగ్గరి చుట్టరికం

విజయనగరం సంగీత కళాశాల ఎలా పుట్టిందో చెప్పే కథ ఒకటి ఆ ఊళ్లో ఇప్పటికీ వినిపిస్తుంది. సంస్థానంలో కొలువు చేసే ఒకాయనకు చూపు లేని కొడుకు. కుర్రవాడికి పాటంటే ప్రాణం. మద్రాసు పంపి సంగీతం చెప్పించడానికి సాయం చేయమని తండ్రి రాజావారిని అడిగాడట. ఒక్కణ్ణి అంత దూరం పంపే బదులు ఇక్కడే కళాశాల పెడితే పదిమందీ నేర్చుకుంటారు కదా అని విజయరామ గజపతిరాజు అన్నారట. కథకు ఎవరెంత రంగు అద్దారో గానీ 1919లో కళాశాల తెరుచుకున్న మాట నిజం. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడి ఫిడేలు విని, నేర్చుకునే చోట కాకుండా నేర్పే చోట కూర్చోబెట్టారు. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ కుర్చీ కూడా నాయుడుగారిదే అయింది.

నాయుడుగారి కాలంలోనే కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రవాడు వేలి ఉంగరం అమ్ముకుని, ఆ డబ్బుతో రైలెక్కి విజయనగరంలో దిగాడు. తీరా చూస్తే కళాశాలకు వేసవి సెలవులు. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. ఆ కుర్రవాడే ఘంటసాల వెంకటేశ్వరరావు. ఆ రోజుల్లో చేతిలో డబ్బు లేని విద్యార్థికి ఊళ్లో రెండు దారులుండేవి. ఒకటి వారాలు. సోమవారం ఒక ఇంట, మంగళవారం ఇంకో ఇంట, అలా ఏడు రోజులకు ఏడు ఇళ్లు కుదుర్చుకుని ఆయా పూటలకు వెళ్లి తినడం. రెండోది మాధుకరం. జోలె భుజాన వేసుకుని వీధి వెంట నడిచి, గుమ్మాల ముందు నిలబడి, ఏ ఇల్లాలు ఏది పెడితే అది పట్టుకుని రావడం. వారాల పిల్లవాడికి కనీసం పీట వేసి వడ్డిస్తారు. మాధుకరం పిల్లవాడు గడప దాటి లోపలికి రాడు. ఘంటసాల మాధుకరం ఎత్తి చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి పైసా తీసుకోకుండా ఆయనకు పాఠం చెప్పారు, నీడనిచ్చారు.

ఇప్పుడు కళాశాల గొప్ప గురించి ఎవరు రాసినా ఘంటసాల పేరు ముందు వస్తుంది. విజయనగరంలోనే పుట్టి అక్కడే డిప్లొమా చేసిన పి.సుశీల పేరు ఆ వెంటనే వస్తుంది. వాళ్లు గర్వించదగిన పూర్వవిద్యార్థులే, అందులో సందేహం లేదు. కానీ జోలెలో అన్నం వేసిన ఇళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. చదువు చెప్పింది కళాశాల అయితే చదువుకునేవాణ్ణి బతికించింది ఊరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో విద్యార్థులు సాధించినవాటిని లెక్క వేసేటప్పుడు ఈ రెండో సగం ఎప్పుడూ జారిపోతుంది.

అయితే ఆ కాలాన్ని మరీ ముద్దుచేసి చెప్పుకోనక్కర్లేదు. వారాల ఇల్లు కులం చూసి దొరికేది. మాధుకరం జోలెకు పవిత్రత అంటగట్టినవాళ్లు అదే వీధిలోకి అడుగుపెట్టనివ్వని పిల్లలు ఎందరో. వాళ్లకు కంచం దొరకడానికి సంక్షేమ హాస్టళ్లు రావలసి వచ్చింది. ఇవాళ ఈ రెండు జిల్లాల్లో ఉద్యోగాల్లో స్థిరపడ్డ మొదటి తరం చదువరుల్లో చాలామంది ఆ హాస్టళ్ల నీళ్ల చారు తిని పెరిగినవాళ్లే. వాళ్లు కలుసుకున్నప్పుడు చెప్పుకునే కబుర్లలో కాలేజీ కంటే హాస్టల్ వార్డెన్ ఎక్కువసార్లు వస్తాడు.

సహాధ్యాయులు అన్న మాటకు ఎంత బరువుందో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి, మహారాజా వారి కళాశాల దాకా వెళ్లాలి. 1857లో బడిగా మొదలై, 1879లో కళాశాల అయిన సంస్థ అది. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అక్కడ కలిసి చదువుకున్నారు. ఒకరిది 1862 పుట్టుక, ఇంకొకరిది 1863. చదువయ్యాక ఇద్దరి దారులూ వేరయ్యాయి. గురజాడ విజయనగరంలోనే ఉండి అదే కళాశాలలో పాఠాలు చెప్పారు, సంస్థానం పనులు చూశారు. గిడుగు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. అక్కడ కొండల్లోని సవరలతో కలిసి తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, దానికి వాచకాలు, నిఘంటువు కట్టారు.

ఇద్దరినీ మళ్లీ ఒకచోటికి తెచ్చింది తెలుగు. బడిపిల్లలు రాసే తెలుగు మాట్లాడే తెలుగులా ఉండాలా, గ్రాంథికంలో ఉండాలా అన్న తగువు మద్రాసు విశ్వవిద్యాలయం దాకా వెళ్లింది. 1914లో గురజాడ వాడుక తెలుగు వైపు నిలబడి తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. మరుసటి ఏడాదే ఆయన పోయారు. గిడుగు ఆ భారాన్ని తన తలకెత్తుకుని 1940లో కన్నుమూసేదాకా ఊరూరా తిరిగి వాదించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఒక సంస్థలో చదివిన ఇద్దరు కలిసి చేసిన పని అని దీన్ని ఎవరూ ఏ నివేదికలోనూ నమోదు చేయలేదు. పూర్వవిద్యార్థుల సంఘం అనే పేరు లేకుండా జరిగిన పూర్వవిద్యార్థుల పనుల్లో తెలుగునాట దీన్ని మించింది ఇంకోటి చూపించడం కష్టం.

ఇక్కడే ఒక చిక్కుముడి. గురజాడ పట్టా మద్రాసు విశ్వవిద్యాలయానిది. అదే కళాశాలలో ఆ తర్వాతి తరాలకు, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక, పట్టా మీద ఆంధ్ర అన్న పేరు వచ్చింది. కట్టడం అదే, గంట అదే, పట్టా మీది పేరు వేరు. శ్రీకాకుళంలో ఈ గందరగోళం మరీ ఎక్కువ. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తన పీజీ కేంద్రాన్ని పెట్టింది. 2008లో ఆ కేంద్రమే డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ విశ్వవిద్యాలయమైంది. ఎచ్చెర్లలో 2000లో ఎమ్మే చదివినవాడు ఎవరి పూర్వవిద్యార్థి? పట్టా అడిగితే విశాఖపట్నం అంటుంది. కూర్చున్న బెంచీ ఎచ్చెర్ల అంటుంది. ఇంజనీరింగ్ పిల్లలది ఇంకో వరస. రాజాంలో 1997లో మొదలైన జీఎంఆర్ ఇన్‌స్టిట్యూట్‌లో 2005లో చదువు ముగించినవాడి పట్టా హైదరాబాద్ జేఎన్‌టీయూది. 2015లో ముగించినవాడిది కాకినాడ జేఎన్‌టీయూది. 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో రాజాం ఊరే శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. అన్నదమ్ములిద్దరు ఒకే గదిలో ఏడేళ్ల తేడాతో చదివితే ఇద్దరి గోడల మీదా వేర్వేరు విశ్వవిద్యాలయాల పట్టాలు వేలాడతాయి.

ఇది కాగితాల గొడవ అని కొట్టిపారేయడానికి లేదు. ఒక విశ్వవిద్యాలయం తన పూర్వవిద్యార్థుల చిట్టా తయారుచేయాలంటే పరీక్షల విభాగం రిజిస్టర్లే ఆధారం. అనుబంధ కళాశాలలో చదివినవాళ్లు ఆ రిజిస్టర్లలో హాల్ టికెట్ నంబరుగా మాత్రమే ఉంటారు. టెక్కలిలోనో పాలకొండలోనో డిగ్రీ చదివిన అమ్మాయి జీవితంలో ఎచ్చెర్ల క్యాంపస్ చూసి ఉండకపోవచ్చు, ప్రొవిజనల్ కోసమో మైగ్రేషన్ కోసమో కిటికీ దగ్గర నిలబడిన రోజు తప్ప. ఆమె తన కాలేజీని తలుచుకుంటుంది, తెలుగు మాస్టారిని తలుచుకుంటుంది. విశ్వవిద్యాలయం అనేది ఆమెకు రబ్బరు స్టాంపు. అమ్మాయిల విషయంలో ఇంకొకటి కూడా ఉంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఫోన్ నంబరూ మారుతుంది. పాతికేళ్ల తర్వాత బ్యాచ్‌ని కూడగట్టేవాళ్లకు మగపిల్లల నంబర్లు నలభై దొరికితే ఆడపిల్లలవి ఆరు దొరకడం మామూలే. ఆ ఆరుగురిలో ఒకరు మిగతావాళ్లను వెతికి తెస్తేనే లెక్క కుదురుతుంది.

మరి బంధం ఎక్కడ గట్టిపడుతుంది? కలిసి తిని, కలిసి పడుకున్న చోట. ఈ ప్రాంతంలో దీనికి పాత నమూనా విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాల. 1962లో మొదలైంది. విశ్వవిద్యాలయం కాకపోయినా పూర్వవిద్యార్థుల కట్టు విషయంలో ఏ విశ్వవిద్యాలయమూ దానికి సాటి రాదు. పదేళ్లకే ఇల్లు వదిలి వచ్చి, ఏడేళ్లు ఒకే డార్మెటరీలో పెరిగినవాళ్లు యాభై దాటాక కూడా ఒకర్నొకరు రోల్ నంబర్లతో గుర్తుపెట్టుకుంటారు.

కొత్త నమూనా ఎచ్చెర్ల మండలంలోనే ఎస్.ఎం.పురంలో ఉంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం శ్రీకాకుళం క్యాంపస్, జనం నోట ట్రిపుల్ ఐటీ. పదో తరగతి అవగానే తీసుకుంటారు. మొదట్లో ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు గ్రేడు పాయింట్ల మీద 0.4 కలిపే పద్ధతి ఉండటంతో పల్లెల పిల్లలకు తలుపు తెరుచుకుంది. ఇంటర్‌కు సమానమైన పీయూసీ రెండేళ్లు, ఇంజనీరింగ్ నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్లు. పిల్లల భాషలో పీ1, పీ2, ఆ తర్వాత ఈ1 నుంచి ఈ4. 2016లో చేరినవాళ్లు ఎస్16. ఐడీ కార్డు మీద నంబరు ఎస్‌తో మొదలైతే శ్రీకాకుళం, ఎన్ అయితే నూజివీడు, ఆర్ అయితే ఆర్కే వ్యాలీ, ఓ అయితే ఒంగోలు. రైల్లో ఎదురుపడ్డ ఇద్దరు అపరిచితులు పేరు అడక్కముందే నీది ఏ బ్యాచ్ అని అడుగుతారు. అక్షరం, అంకె చెప్పగానే సీనియర్ ఎవరో జూనియర్ ఎవరో తేలిపోతుంది, టీ డబ్బులు ఎవరివ్వాలో కూడా.

పదిహేనేళ్ల వయసులో మొదటిసారి ఇల్లు వదిలిన పిల్లవాడికి ఈ1కి వచ్చేసరికి మెస్ కబుర్లు, ఔట్‌పాస్ కష్టాలు, ఒకరి లాప్‌టాప్ మీద నలుగురు కూర్చుని చదివిన రాత్రులు పోగుపడతాయి. అందుకే ఈ క్యాంపస్ పూర్వవిద్యార్థులు వయసులో చిన్నవాళ్లయినా కట్టులో పెద్దవాళ్లు. తొలి బ్యాచ్ బయటికొచ్చిందే 2022లో. వాళ్లలో ఎవరూ ఇంకా పెద్ద కుర్చీలకు చేరే వయసులో లేరు. సంస్థకు భవనం కట్టించే స్తోమత వాళ్లకు లేదు, వాళ్లను ఎవరూ అడగనూ కూడదు. కానీ కంపెనీలో ఖాళీ పడగానే రిఫరల్ లింకు గ్రూపులో పెట్టేవాళ్లు, ఇంటర్వ్యూలో ఏమడిగారో ఆ రాత్రే రాసి పంపేవాళ్లు వీళ్లే. ముప్పై ఏళ్ల సీనియర్ ఇచ్చే ఉపన్యాసం కంటే రెండేళ్ల సీనియర్ పంపిన ఆ పది వాక్యాలు ఎక్కువ పనికొస్తాయి.

డే స్కాలర్లది వేరే లోకం. పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల స్టేషన్లలో పొద్దున్నే పాసింజరు కోసం నిలబడే పిల్లల్ని చూస్తే వాళ్ల అసలు క్యాంపస్ ఏదో తెలుస్తుంది. అదే పెట్టె, అదే కిటికీ, ఆమదాలవలసలో ఎక్కినవాడు సిగడాంలో ఎక్కేవాడికి ఆపి ఉంచిన సీటు. రికార్డులు ఒళ్లో పెట్టుకుని బొమ్మలు దించుకోవడం, విజయనగరం ఔటర్‌లో బండి ఆగిపోతే మొదటి పీరియడ్ పోయిందని సంబరపడటం. సాయంత్రం నాలుగు దాటితే కాలేజీలో పురుగు ఉండదు. తిరుగు బండికి అందరూ వెళ్లిపోతారు. ఈ పిల్లలకు పూర్వవిద్యార్థుల సంఘం ఎవరైనా పెట్టాలంటే కాలేజీ పేరుతో కాకుండా బండి నంబరుతో పెట్టాలి.

సంఘాలు లేవని కాదు. ఒక దశలో ఉన్నట్టుండి అన్ని కాలేజీల్లోనూ పుట్టుకొచ్చాయి. దాని వెనక ఆప్యాయత ఎంతుందో, కాలేజీల నాణ్యతను తూచే జాతీయ సంస్థ న్యాక్ అంతకంటే ఎక్కువే ఉంది. న్యాక్ పాత గ్రేడ్ల పద్ధతిలో వెయ్యి మార్కులుంటే, విద్యార్థులకు అందే తోడ్పాటు గురించిన ఐదో విభాగంలో పూర్వవిద్యార్థుల ప్రమేయానికి 10 మార్కులు. సంఘం రిజిస్టర్ అయి ఉండాలి, విరాళాల లెక్క చూపించాలి. పరిశీలన బృందం వచ్చే ఏడాది ముందు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద దరఖాస్తు పడుతుంది. కార్యవర్గంలో సగం మంది ఆ కాలేజీలోనే పనిచేసే పూర్వవిద్యార్థులు, ఎందుకంటే సంతకాలకు వాళ్లే అందుబాటులో ఉంటారు. బృందం వచ్చిన రోజు సూటు వేసుకున్న నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. బృందం కారు గేటు దాటాక ఆ సంఘం మళ్లీ ఐదేళ్లకు గానీ నిద్ర లేవదు. పది మార్కుల కోసం పుట్టినది పది మార్కుల పనే చేస్తుంది మరి.

దీనికి పక్కనే, ఏ మార్కులూ లేకుండా జరిగేది బ్యాచ్ కలయిక. పెద్దపండగకు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, ఇంకా దూరం నుంచి జనం ఇళ్లకు చేరతారు కాబట్టి ముహూర్తం కనుమ మరునాడో, ఆ తర్వాతి ఆదివారమో. గేటు దగ్గర పూర్వవిద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం అని ఫ్లెక్సీ. బల్ల దగ్గర పేరు రాసుకుని బ్యాడ్జీ ఇస్తారు. పేరు చదివితే గానీ మనిషి గుర్తురాడు, చదివాక నవ్వు చూస్తే చాలు. రిటైరైన మాస్టార్లను కార్లు పంపి తీసుకొస్తారు. హాజరు పిలవమని అడుగుతారు. యాభై ఏళ్లవాళ్లు లేచి నిలబడి ఎస్సార్ అంటారు. ఒక పేరు పిలిచాక ఎవరూ పలకరు. పక్కవాడు మెల్లగా, పోయాడండీ అంటాడు. శాలువాలు, మెమెంటోలు, గ్రూప్ ఫొటో, భోజనాలు. సాయంత్రానికి కొత్త వాట్సాప్ గ్రూపు. ఇందులో ఎగతాళి చేయాల్సింది ఏమీ లేదు, ఫ్లెక్సీ మీద రాజకీయ నాయకుడి ఫొటో బ్యాచ్ ఫొటో కంటే పెద్దదిగా వేసినప్పుడు తప్ప.

కలయిక తర్వాత కాలేజీకి ఏదైనా చేద్దాం అన్న మాట తప్పకుండా వస్తుంది. డబ్బు దగ్గర మొదలయ్యే చిక్కులు చాలామందికి ముందుగా తెలియవు. అమెరికాలో ఉన్న ఇద్దరు బ్యాచ్‌మేట్లు చెరో వెయ్యి డాలర్లు పంపుదామనుకున్నారనుకుందాం. ఒకరి దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టు ఉంది. ఆయన సొంత సంపాదనలోంచి ఇచ్చేది మామూలు విరాళమే. రెండో ఆయన అక్కడి పౌరసత్వం తీసుకున్నారు, చేతిలో భారత మూలాలున్న విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు. ఆయనది చట్టం ప్రకారం విదేశీ విరాళం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదో, ముందస్తు అనుమతో లేని సంఘం ఆ డబ్బు ముట్టుకోకూడదు. నమోదు రావాలంటే సంఘం కనీసం మూడేళ్లు నడిచి ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు తన పనుల మీద ఖర్చు పెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. పండగ ఉత్సాహంలో పుట్టిన సంఘానికి ఇవన్నీ తలకు మించిన పనులు. చివరికి డబ్బు ఎవరో ఒక స్నేహితుడి సొంత ఖాతాకు చేరుతుంది, రెండేళ్లకు లెక్క అడిగినవాడికీ చెప్పాల్సినవాడికీ మాటలుండవు. ఆర్వో ప్లాంటు బిగించి, మరమ్మతుకు దిక్కులేక మూలన పడ్డాక ఆ బ్యాచ్ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు మాత్రమే మిగులుతాయి.

ఈ ప్రాంతపు పిల్లలకు నిజంగా అక్కరకొచ్చిన సాయం చూస్తే అందులో డబ్బు పాలు తక్కువ. రణస్థలం దగ్గర పైడిభీమవరం చుట్టూ మందుల పరిశ్రమలున్నాయి. ఎచ్చెర్లలోనో అనుబంధ కాలేజీలోనో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన పిల్లవాడికి ఇంటి నుంచి వెళ్లొచ్చే ఉద్యోగం అంటే అదే. ఫలానా ప్లాంటులో నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగంలో మనుషుల్ని తీసుకుంటున్నారన్న కబురు పత్రికలో ప్రకటనగా రాదు. రాత్రి షిఫ్టు దిగిన సీనియర్ ఫోన్ చేసి, రెజ్యూమే పట్టుకుని రేపు పొద్దున్న గేటు దగ్గరికి రా అంటాడు. అంతే. జీతం గొప్పగా ఉండకపోవచ్చు. ఆ ఉద్యోగం చేస్తూనే తమ్ముణ్ణి చదివించినవాళ్లు, రాత్రి షిఫ్టుల మధ్య డీఎస్సీకి చదివినవాళ్లు ఉన్నారు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఈ జిల్లాల్లో గ్రంథాలయాల్లో కుర్చీ దొరకలేదు. అంతకుముందు డీఎస్సీలో నెగ్గిన మాస్టార్ల నోట్సు జిరాక్సుల మీద జిరాక్సులై, అక్షరం అరిగిపోయేదాకా చేతులు మారింది.

హైదరాబాదులో ఇంకో రకం. కోచింగ్‌కో, ఉద్యోగం వెతుక్కోవడానికో సిక్కోలు కుర్రవాడు అమీర్‌పేటలో బ్యాగుతో దిగితే మొదటి పదిరోజులు గండం. హాస్టల్ అడ్వాన్సు చేతిలో ఉండదు. ఆ పదిరోజులూ ఎవరి గదిలో చాప వేసుకున్నాడన్నదే ఆ తర్వాతి పదేళ్ల స్నేహాలను తేలుస్తుంది. అక్కడ ఊరివాణ్ణి పోల్చుకోవడానికి బ్యాచ్ నంబరు కూడా అక్కర్లేదు. కర్రీ పాయింట్ దగ్గర వరసలో ఎవరో ఏటి బావూ అంటే చాలు, ఏ ఊరు మనది అని ఇంకొకరు తిరుగుతారు. ఆఫీసులో నవ్వుతారని పగలంతా దాచుకున్న యాస రాత్రి గదిలో విప్పుకుంటారు. వాడుక భాష కోసం ఒక జీవితం ధారపోసిన గిడుగు సొంత జిల్లా పిల్లలు తమ వాడుకను దాచుకోవలసి రావడం చేదుగా ఉంటుంది.

వారాల ఇంటికి ఇవాళ్టి రూపం ఈ గదే. పెట్టేది సంపన్న గృహస్థు కాదు, నెల కిందట జీతం అందుకోవడం మొదలుపెట్టిన ఇంకో కుర్రవాడు. కులం అడిగే ఇల్లు పోయి ఊరు అడిగే గది వచ్చింది. పూర్తిగా పోయిందా అంటే గ్రూపుల పేర్లు కొన్ని చూస్తే అనుమానమే.

ఈ రెండు జిల్లాల పేరు ప్రపంచానికి వినిపించిన విజయాల్లో పెద్దది ఏ విశ్వవిద్యాలయం ఖాతాలోనూ పడదు. ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు, ఒలింపిక్ పతకం నెగ్గిన తొలి భారతీయ మహిళ. ఆమెను తీర్చిదిద్దింది ఆమదాలవలసలోని వ్యాయామశాల, అక్కడి గురువు. అదే మల్లీశ్వరి 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. సొంత జిల్లా విశ్వవిద్యాలయాలు ఏడాదికోసారి ఆమె ఫొటో ఫ్లెక్సీ మీద వేస్తే ఋణం తీరిందనుకుంటాయి.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడది ఇదే తరహా. బరువులు ఎత్తేవాళ్ల ఊరని దానికి పేరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచి, పైనున్న క్రీడాకారిణి డోపింగ్‌లో దొరకడంతో రజతానికి ఎదిగారు. ఊళ్లో పిల్లలకు దారి చూపింది ముందు ఎత్తినవాళ్లే. అక్క బార్ ఎత్తుతుంటే చెల్లి పక్కన నిలబడి ప్లేట్లు మారుస్తుంది, రేపటికి బార్ చెల్లి చేతికొస్తుంది. క్రీడా కోటాలో ఉద్యోగం వచ్చినవాళ్లు సెలవులకు వస్తే ఏ పోటీకి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో, ఏ సర్టిఫికెట్ ఏ ఉద్యోగానికి పనికొస్తుందో చెబుతారు. ఈ అమరికకు అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి లేరు. రిజిస్టర్డ్ సంఘాలు చేయలేనిది ఇది చేస్తోంది, ఎందుకంటే అక్కడ సీనియర్, జూనియర్ ఒకే వీధిలో ఉంటారు.

విశ్వవిద్యాలయాలకు ఆ వీధి లేదు. కొత్తవన్నీ ఊరికి దూరంగా, రోడ్డు పక్కన ప్రహరీగోడలు కట్టుకుని వెలిశాయి. స్థలం అక్కడే దొరుకుతుంది, తప్పు పట్టలేం. కానీ సంగీత కళాశాల విద్యార్థి గంటస్తంభం మీదుగా నడిచి వెళ్తుంటే ఊరు చూసేది, ఎవరబ్బాయి అని అడిగేది. ఎచ్చెర్ల విద్యార్థి ఆటో దిగి గేటులోకి వెళ్లిపోతాడు, ఊరికి అతను కనిపించడు. శ్రీకాకుళంలో ఈ ఖాళీని కాస్త పూడ్చిన చోటు ఒకటుంది. విశాఖ-ఏ కాలనీలో కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథానిలయం. ఒక బడి పంతులు తనకొచ్చిన అవార్డుల సొమ్ము పెట్టి, తెలుగు కథలన్నీ ఒకచోట చేరాలని కట్టిన ఇల్లు. కథ మీద పరిశోధన చేసే పిల్లలు ఏ విశ్వవిద్యాలయం నుంచైనా ఆ మేడ ఎక్కవలసిందే. పాత పత్రిక కోసం వచ్చిన పరిశోధక విద్యార్థికి, అక్కడ కూర్చుని ఉన్న పెద్దాయనకు మాట కలుస్తుంది. మాస్టారు 2021లో పోయారు, తలుపు మాత్రం తెరిచే ఉంది.

విజయనగరం పక్కన కొండకరకాంలో ఇంకో భవనం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా ఎన్నో బ్యాచ్‌లు అక్కడ చదువుకుని వెళ్లాయి. 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు సొంత గూడు లేక తాత్కాలికంగా అందులోనే తరగతులు మొదలుపెట్టింది. శాశ్వత ప్రాంగణానికి 2023 ఆగస్టులో మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు శంకుస్థాపన జరిగింది. గిడుగు ఏ సవర పిల్లలకైతే వాచకం రాశారో వాళ్ల మునిమనవళ్లు డిగ్రీ, పీజీ చదవడానికి ఉద్దేశించిన విశ్వవిద్యాలయం అది. పండక్కి ఊరొచ్చిన పాత పీజీ విద్యార్థి ఎవరైనా పిల్లలకు తన కాలేజీ చూపిద్దామని కొండకరకాం వెళ్తే గేటు మీద బోర్డు వేరు. వాచ్‌మన్ ఎవరు కావాలని అడుగుతాడు. ఇక్కడే చదువుకున్నానని చెబితే, ఈ యూనివర్సిటీ పెట్టి అన్నేళ్లు కాలేదు కదండీ అంటాడు. కొత్త ప్రాంగణం పూర్తయిన రోజున ఆ బోర్డు కూడా దిగిపోతుంది. ఇప్పుడు లోపల చదువుతున్న పిల్లలు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చి అదే గేటు దగ్గర నిలబడతారు.